చీమలపుట్టలో ఒక్క సీటు

“నువ్విలా కూర్చుని ఇవి చూస్తూ ఉండు, చిటికెలో వచ్చేస్తాం” అంటూ భర్త కళ్ళజోడు తీసి ఆమె చేతిలో పెట్టాడు. కళ్ళజోడు వెనకాలే టోపీ, టోపీ వెనకాలే ఫోను, పర్సు, కారు తాళాలు. తర్వాత కూతురి మెడలోని గొలుసు, జుట్టుకున్న క్లిప్పులు, సగం తిన్న ఐస్‌క్రీమ్ కప్పు. అన్నీ వరసగా వచ్చి ఆమె ఒళ్ళో వాలాయి. ఫోనూ, తాళాలూ, గొలుసూ ఆమె తన సంచిలో వేసుకుంది. పక్కన బెంచీ మీద అత్తగారు కూడా ఉంది. ఆవిణ్ణి కూడా చూస్తూ ఉండాలన్నమాట.

సామాను దాచుకోవడానికి ఆ ఆటల పార్కు గేటు దగ్గర తాళాలతో సహా అరలున్నాయి. లోపలికి వస్తూనే కూతురు వాటిని చూపించింది. “దండగ, మీ అమ్మ ఉందిగా” అన్నాడాయన. విసుక్కోలేదు, కసురుకోలేదు, ప్రేమగానే అన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. తిడితే తిరిగి ఓ మాట అనొచ్చు. మనిషిని పట్టుకుని ప్రేమగా అల్మారాని చేసేస్తే ఏమనాలి?

పోనీ ఈ కొలువు ఇంటికే పరిమితమా అంటే అదీ కాదు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. రాసి ఉన్న పని ఫోన్లు ఎత్తడం, టైములు ఇవ్వడం. చేసే పని మాత్రం లోపల కుర్చీ ఎక్కిన ప్రతివాళ్ళ సంచులూ, కళ్ళజోళ్ళూ, చంటిపిల్లల్నీ పట్టుకోవడం. “మీరు పట్టుకుంటే వాళ్ళకి ధైర్యమండీ” అంటాడు డాక్టరు. జీతం పెంచమన్నప్పుడు మాత్రం ఆ ధైర్యం సంగతి ఆయనకి గుర్తుకు రాదు. ఇలా ఊళ్ళో వాళ్ళందరికీ కొక్కెంలా తయారయ్యానేమిటా అని ఆమెకి ఒక్కోసారి నవ్వొస్తుంది. ఒక్కోసారి రాదు.

ఎదురుగా ఉన్నదాని పేరు చీమలపుట్ట. అంత ఎత్తు భవనానికి పైనుంచి కింది దాకా మట్టిరంగు పూసి, నిజం పుట్టలాగే బొరియలు పెట్టారు. లోపల చీకట్లో రైలు పరిగెడుతుందట. ఎక్కినవాళ్ళంతా చీమలట, చక్కెర దొంగతనానికి రాక్షసుడి వంటింట్లో దూరతారట. బయటినుంచి ఒక్క ముక్క కనబడదు. గోడ అదురుతుంది, ఉండుండి గుంపుగా ఓ కేక వినబడుతుంది, అంతే. కాసేపటికి అవతలి తలుపులోంచి జుట్టు రేగిపోయిన జనం నవ్వుకుంటూ బయటికొస్తారు. ఏం చూసి వస్తున్నారో! చీమలమందు చల్లీ చల్లీ చేతులు అరిగిన మనిషి కదా, చీమల సరదా ఏమిటో ఆమెకి తెలుసుకోవాలనిపించింది.

కానీ ఆమెకి భయం. అది ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. ఎవరింటికెళ్ళినా ఆమె ఏదో ఒకటి చెయ్యలేని సందర్భం రాగానే ఆయన ఆ కథ ఎత్తుకుంటాడు. “పెళ్ళయిన కొత్తలో జెయింట్ వీల్ ఎక్కించానండీ. పైకెళ్ళగానే మా ఆవిడ పని అయిపోయింది! కక్కుకుని నానా గొడవా చేసింది. ఆ దెబ్బతో మళ్ళీ ఎక్కించలేదు” అంటూ చేతులు తిప్పి మరీ చూపిస్తాడు. విన్నవాళ్ళు పడీపడీ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతూ వాళ్ళకి కాఫీలు అందిస్తుంది.

ఆ రోజు కక్కుకున్నది ఆయన. చక్రం ఇంకా పైకి చేరనే లేదు, మొహం పాలిపోయి ఆమె కొత్త చీర మీద వంగిపోయాడు. ఆమె ఒక చేత్తో ఆయన తల పట్టుకుని, రెండో చేత్తో వీపు నిమిరింది. నిజం చెప్పాలంటే పైనుంచి దీపాలు భలేగా ఉన్నాయి, మళ్ళీ ఎప్పుడు చూస్తామో అని అటు కూడా ఓ కన్ను వేసింది. ఇంటికెళ్ళేసరికి వీధరుగు మీద మామగారు కూర్చుని ఉన్నారు. కొడుకు తుమ్మినా “మగాడివేనా” అని అడిగే మనిషి. “ఏమిటా చీర?” అన్నారు. ఆమె మొగుడి మొహం చూసింది. పాపం, ఏడుపొక్కటే తక్కువ. “నాకే తిప్పింది మావయ్యా” అంది. “పోన్లే, ఆడపిల్లవి, అలవాటు లేదు” అన్నారాయన.

ఆ రాత్రి భర్త ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. కొన్నాళ్ళ దాకా ఆ ప్రస్తావన వస్తే తల దించుకునేవాడు. తర్వాత దించుకోవడం మానేశాడు. ఆ తర్వాత తనే చెప్పడం మొదలెట్టాడు. ఇప్పుడాయన నిజంగానే నమ్ముతున్నాడు, అందులో అనుమానం లేదు. ఆయన సంగతి అలా ఉంచితే ఆమెకే నమ్మకం పోతోంది. కూతుర్ని ఉయ్యాల ఊపుతుంటే కడుపులో తిప్పినట్టుంటుంది. మేడ మీంచి కిందికి చూడాలంటే పిట్టగోడ పట్టుకుంటుంది. ఇన్నేళ్ళు ఇంతమంది ఒకటే మాట అన్నాక ఒళ్ళు మాత్రం ఏం చేస్తుంది, వింటుంది. నాకు భయమా, కాదా? ఇంట్లో ఎవరికి ఏది పడదో, ఎవరికి ఏది ఇష్టమో నిద్రలో అడిగినా చెప్పగలదు. తన సంగతి తనకే తెలీదంటే ఎంత సిగ్గుచేటు! ఆ మాట తట్టేసరికి బెంచీ మీద ఇక కుదురుగా కూర్చోలేకపోయింది.

అప్పుడే పక్కనున్న చిన్న గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న అమ్మాయి అరిచింది. “ఒక్కరు! ఒక్కరే ఎవరైనా ఉన్నారా?”

రైలులో సీట్లు రెండేసి చొప్పున ఉంటాయి. జంటలోంచి ఎవరైనా తప్పుకుంటే ఆ సీటు ఖాళీగా పోనివ్వరు. ఒంటరిగా వచ్చినవాళ్ళ కోసం విడిగా ఒక దారి పెట్టి, అందులోంచి ఒకరిని కూర్చోబెడతారు. పెద్ద వరుసలో జనం కిటకిటలాడుతున్నారు. ఆ చిన్న దారిలో మాత్రం నరపురుగు లేదు. అలాంటి చోటికి ఒంటరిగా ఎవరొస్తారు?

ఆ అమ్మాయి చూపు ఈమె మీద పడింది. “ఆంటీ, మీరు ఒక్కరేనా?”

ఆ ప్రశ్న ఆమెని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఒళ్ళో టోపీ ఉంది, పర్సు ఉంది, కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ ఉంది, పక్కన అత్తగారు ఉంది. “ఒక్కదాన్నే” అంది.

అత్తగారు తల తిప్పి చూసింది. ఇప్పుడు ‘నీకు పడదుగా’ అంటుంది అనుకుంది ఆమె. అత్తగారు చెయ్యి చాపింది. “ఆ సంచి ఇలా తే. ఆ కప్పు కూడా. ఎలాగూ కరిగిపోతోంది, నేను తినేస్తా. నువ్వు వెళ్ళు.”

చిన్న దారి తిన్నగా రైలు దగ్గరికి తీసుకెళ్ళింది. చీమ ఆకారంలో నల్లటి పెట్టెలు, వాటికి మీసాలు. మొదటి పెట్టెలో ఒక పిల్ల ఒంటరిగా కూర్చుని బిక్కమొహం వేసుకుని అటూ ఇటూ చూస్తోంది. చూస్తే తన కూతురే!

“అమ్మా! నువ్వేంటి ఇక్కడ? నీకు భయం కదా!”

“ముందు జరుగు. మీ నాన్నేరీ?”

“ఎక్కబోతుంటే ఫోనొచ్చిందట, ఆఫీసు నుంచి. అర్జెంటట. ఆ పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. నేను దిగనన్నా” అంది కూతురు.

ఆ ఫోను బయట అత్తగారి ఒళ్ళో సంచిలో ఉంది. ఆమెకి ఫక్కున నవ్వొచ్చింది. నవ్వు పూర్తయ్యేలోపే ఇనుప కడ్డీ దిగి ఇద్దర్నీ సీటుకి అదిమిపెట్టింది. “అమ్మా, నా చెయ్యి పట్టుకో, భయపడకు” అంది కూతురు. ఆ పిల్ల చెయ్యే చల్లగా ఉంది.

చీకటి. కటకటమంటూ రైలు పైకెక్కింది. ఆమె కడుపు బిగపట్టి కూర్చుంది. ఇదుగో వస్తుంది, ఇప్పుడే తిప్పుతుంది, అందరూ అన్నదే నిజమవుతుంది అనుకుంటూ ఎదురుచూసింది. పైకి చేరగానే తెర తొలిగినట్టు వెలుగొచ్చింది. ఎదురుగా రాక్షసుడి వంటిల్లు. మేడంత కుళాయి, చెరువంత గిన్నె, పాలు పొంగి మరకలు కట్టిన పొయ్యి. ఎంత కాదన్నా ఆమె ఆమే కదా. ఇంత పొయ్యి ఎవరు తోముతారమ్మా అనుకుంది ముందు. తర్వాత అర్థమైంది. ఎవరు తోమితే నాకేం? ఈ వంటింట్లో నాకు పని లేదు. నేను చక్కెర ఎత్తుకుపోవడానికి వచ్చాను!

అంతే, రైలు జారింది. కడుపు గొంతులోకొచ్చింది, గొంతులోంచి కేక వచ్చింది. అది తన కేకేనని తెలియడానికి ఆమెకి కాస్త టైం పట్టింది. పెళ్ళయ్యాక ఆమె గొంతు వంటింటి గుమ్మం దాటింది లేదు. “కోడలు మాట్లాడితే పక్కగదిలోకి వినబడదు” అని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు అలమారాల మధ్యనుంచి, కుళాయి కిందినుంచి, తలకిందులుగా చక్కెర డబ్బా చుట్టూ తిరుగుతూ ఆమె అరుస్తోంది. ఓ పెద్ద చీపురు మీదికొస్తే దాన్ని కూడా తిట్టింది. రేపు పొద్దున్నే ఏం వండాలి అనే ఆలోచన ఆమె బుర్రలో లేదు. క్లినిక్కులో ఎవరికి టైం ఇచ్చానా అన్నదీ లేదు. భయమా? బోలెడంత భయం వేసింది. భయం ఇంత బావుంటుందని ఎవరూ చెప్పలేదేం!

బయటికి వచ్చేసరికి జడ ఊడిపోయింది, గొంతు బొంగురుపోయింది. కూతురు ఆమె చుట్టూ గెంతుతోంది. బెంచీ మీద అత్తగారి పక్కన భర్త కూర్చుని ఉన్నాడు, మొహం ఇంకా తేరుకోలేదు. “నువ్వెక్కావా? కళ్ళు తిరగలేదూ? నాకు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, లేకపోతే…”

కూతురు తల్లి వైపు చూసింది. ఆయనకి కావలసిన సాకు ఆమె నాలుక చివరికి వచ్చి కూర్చుంది. అవునే, ఫోను నా దగ్గరే మోగింది, ఆఫీసు నుంచి అర్జెంటని నేనే కబురు పంపాను. ఎంత చక్కగా అతుకుతుందో! అలవాటైన పని. ఆమె దాన్ని మింగేసింది.

“ఫోను సంచిలోనే ఉందండీ” అంది నెమ్మదిగా. “జెయింట్ వీల్లో తిప్పింది కూడా మీకే. అది తప్పేం కాదు. కొందరికి పడదు, అంతే. కానీ అది నాది కాదు. ఇకమీదట ఆ కథ చెప్పాలనుకుంటే మీ పేరుతోనే చెప్పండి.”

“నాన్నా! కక్కింది నువ్వా?” కూతురు పగలబడి నవ్వింది. ఆయన ఎర్రబడి, దిక్కుతోచక తల్లి వైపు తిరిగాడు. “చూడమ్మా, ఏమంటోందో!”

అత్తగారు ఐస్‌క్రీమ్ కప్పు అడుగు గీకుతోంది. “చూడ్డానికేముందిరా, చిన్నప్పుడూ అంతే కదా నువ్వు. మా పుట్టింటికి బయల్దేరామంటే సగం దారిలో నా ఒళ్ళో కక్కేవాడివి. మీ నాన్న కొడతారని నాకే తిప్పిందని చెప్పేదాన్ని. రెండుసార్లు చెప్పానో లేదో, దీనికి బస్సు పడదని నన్ను పంపడం మానేశారు.”

ఆవిడకి ప్రయాణాలు పడవని ఇంట్లో అందరూ అనేవాళ్ళే. పొద్దున కారులో కూడా ఎందుకైనా మంచిదని కోడలే ఆవిడ చేతిలో ప్లాస్టిక్ కవరు పెట్టింది. ఆవిడ దాని మడత విప్పలేదు. అంతసేపూ కిటికీ మీంచి చూపు తిప్పలేదు. ఆ సంగతి చూసి కూడా తనకి తట్టలేదేమా అనుకుంటూ కోడలు ఆవిడ పక్కన కూర్చుంది.

“పుట్టింట్లో ఎవరున్నారు అత్తయ్యా?”

“మా అక్క ఉందిగా. ఫోనులో గొంతు వినడమే. మొహం చూసి ఎన్నేళ్ళయిందో.”

“ఈ ఆదివారం వెళ్దాం, మనిద్దరం. బస్సులోనే. కిటికీ పక్క సీటు మీది.”

అత్తగారు ఖాళీ కప్పు కొడుకు చేతిలో పెట్టి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని లేచింది. “ఆదివారం దాకా ఎందుకే, రేపే వెళ్దాం.”

“నేనూ వస్తానమ్మా” అన్నాడు కొడుకు గబగబా. “మిమ్మల్నిద్దర్నీ ఒంటరిగా ఎలా పంపను?”

అత్తగారు కొడుకుని ఎంతో ప్రేమగా చూసింది. “నువ్వూ వచ్చేస్తే ఇల్లెవరు చూస్తార్రా?”