పేరు మూసిన క్యాసెట్టు

తమిళనాడులోని గుడియాత్తానికి కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులవి. ఊరంతా ఆ డబ్బా ముందు నోరు తెరుచుకుని కూర్చుంటే, ప్రభాకరన్ గుంపుకు మాత్రం క్యాసెట్టే లోకం. సినిమా పాటలు వాళ్లకు ఆనవు. ఎవరో ఇంట్లో కూర్చుని సొంతంగా కట్టుకున్న పాట, ఎక్కడా వినని గొంతు కావాలి. ఆదివారం మగ్గాలు ఆగగానే జయరామన్ లుంగీలు నేసే షెడ్డులో చేరి, ఎవరికి దొరికిన కొత్త పాట వాళ్లు వినిపించేవారు.

అక్కడొక ఆట ఉండేది. పాట తెచ్చినవాడు క్యాసెట్టు మీది పేరు కనబడకుండా కాగితం అంటించేస్తాడు. పాడిందెవరో, ఏ ఊరో మిగతావాళ్లు కనిపెట్టాలి. కనిపెట్టేదాకా తెచ్చినవాడే రాజు, వాడి టీ మిగతావాళ్ల ఖర్చు. ఎంత గట్టి పాటైనా కొన్ని వారాల్లో గుట్టు బయటపడేది.

ప్రభాకరన్ సిమెంటు పూతపని మేస్త్రీ. వేలూరులో ఒక ఇంటికి పూత పూస్తుండగా, పక్కనున్న రికార్డింగ్ అంగడిలో ఆ క్యాసెట్టు కంటబడింది. కనియంబాడి ఊళ్లోని హేమప్రియ అనే అమ్మాయి, తమ్ముడు సుజిత్ గిటారు వాయిస్తుంటే పాడిన పాటలు. వింటే ఏముంది! తెలుగు. హైదరాబాదు తెలుగు కాదు, సినిమా తెలుగు కాదు. ఇంట్లో అమ్మ కేకేసే తెలుగు, మధ్యమధ్య తమిళంతో సహా. ప్రభాకరన్‌కు అంగడి ముందే కళ్లు చెమర్చాయి, అక్కడికక్కడే కొనేశాడు. అట్ట మీద తమిళ లిపిలో చిరునామా, దాని కింద ఒక మాట: విన్నవాళ్లు ఒక కార్డు ముక్క రాయండి, నచ్చిందంటే రెండో క్యాసెట్టు చేస్తాం.

చదివాడు. చదివి కూడా దాని మీద కాగితం అంటించాడు, మహానుభావుడు!

ఆదివారం షెడ్డులో పాట మొదలవగానే, మోర్ధానా నుంచి వచ్చే రైతు గోపాల్ లేచి నిలబడ్డాడు. “ఎవురప్పా ఈ పిల్ల? అచ్చం మా ఇంట్లో మాట్లాడినట్లే ఉండాదే! యాడుండాదో సొల్లుప్పా, చెప్పు, ఒక కార్డు రాస్తా.”

“కనుక్కో,” అన్నాడు ప్రభాకరన్, కాలు మీద కాలేసుకుని.

ఎలా కనుక్కుంటారు? ఆ గొంతు ఇంకెక్కడా లేదాయె. పాట మాత్రం కాపీల మీద కాపీలై షెడ్డు నుంచి షెడ్డుకు పాకింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు కూడా పాడుకుంటున్నారు. “ఆట చాల్లే ప్రభా, ఆ పిల్ల మన మాట కోసం కాచుకోని ఉంటాదేమో,” అని గోపాల్ వచ్చినప్పుడల్లా పోరేవాడు. ఆ మాట ప్రభాకరన్‌కు గుచ్చుకోకపోలేదు. వచ్చే వారం చెబుదాంలే అనుకునేవాడు. వచ్చే వారం టీ గ్లాసు చేతికి రాగానే మళ్లీ రాజైపోయేవాడు. ఏం రాజ్యమో ఏమో!

వానలు వెనకబట్టాక కనియంబాడిలోనే పని తగిలింది. సాయంత్రం చేతుల సిమెంటు కడుక్కుని, ఆ పిల్లను నోరారా మెచ్చుకుందామని వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. వసారాలో సుజిత్ టేప్ రికార్డర్ ముందు కూర్చున్నాడు. పక్కన అట్టపెట్టె నిండా వాళ్ల క్యాసెట్లే. వాటి మీద సినిమా పాటలు ఎక్కిస్తున్నాడు.

“ఏం నాయనా, మీ పాటలు మీరే చెరిపేస్తా ఉండారు?”

“పెద్దగా ఎవురూ కొనలేదన్నా. ఇట్లైనా అమ్ముడుపోతాయి. గిటారు గూడా అమ్మేసినాము.”

మాటలు విని హేమప్రియ బయటికొచ్చింది. “ఒక్క కార్డు గూడా రాలేదన్నా. పోస్టుమాన్ సైకిలు కనబడితే వీధిలోకి పరిగెత్తేదాన్ని. మన మాటలో పాడితే ఎవురికి కావాలని మా నాయన అంటానే ఉన్నాడు. నిజమే గదా అనుకున్నా. పాడేది నిలిపేసినా.”

ప్రభాకరన్ ఒక అడుగు ముందుకేశాడు. “అయ్యో, లేదమ్మా! గుడియాత్తం వచ్చి చూడు. మగ్గాల కాడ, బీడీల కాడ, యాడ చూసినా నీ పాటే!”

“నా పాటనా? నిజంగానా అన్నా?” ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. సుజిత్ మిషన్ ఆపేశాడు. “మా పేరు వాళ్లకు తెలుసునా?”

ప్రభాకరన్ తల అడ్డంగా ఊపాడు.

“మరి ఎవురి పాటని చెప్పుకుంటారు?” అంది ఆ పిల్ల.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అబద్ధానికి నోరు రాలేదు. “ప్రభాకరన్ పాట అంటారమ్మా.”

“ఆయప్ప ఎవురన్నా?” అంది హేమప్రియ, ఇంకా నవ్వుమొహంతోనే. “బాగా పాడతాడా?”

ప్రభాకరన్ గడప మీద కూలబడ్డాడు. “నేనేనమ్మా,” అన్నాడు. “నాకు పాడేది రాదు.”