ముక్కుకు తెలియని వాసన

"నిన్నా ఇదే అన్నావు, మొన్నా ఇదే అన్నావు," అన్నాడు భర్త కిటికీ దగ్గర కుర్చీలోంచి కదలకుండా. "వీధిలో సిగరెట్ తాగకూడదు, పార్కులో తాగకూడదు. ఆఖరికి అపార్ట్‌మెంట్ మేడ మీదా బోర్డు పెట్టారు. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గానీ, పొగ మానిపించి పొమ్మనడం ఇప్పుడే చూస్తున్నా. సొంతింట్లో కూడా స్వేచ్ఛ లేదా?"

"పదిమందీ తిరిగే చోట ఆపారు, మంచిపనే," అంది ఆమె కుట్టుమిషను ఆపి. "మరి మనవి ముక్కులు కావా?"

"పొగంతా కిటికీలోంచి పోతోంది. నీకేమన్నా వాసనొస్తోందా?"

రావడం లేదు. ఆమె రోజూ ఓడిపోయేది అక్కడే.

పురిటిబిడ్డల బట్టలు కుట్టడం ఆమె పని. కుట్టినవి వేణ్ణీళ్లలో ఉతికి, ఆ కిటికీకి కట్టిన తాడు మీదే ఆరేస్తుంది. ఇంట్లో ఎండ పడే చోటు అదొక్కటే.

ఆ మధ్యాహ్నం, ఆమె కుట్టిన బట్టలు అమ్మే కొట్టావిడ పొట్లంతో వచ్చింది. "ఏమనుకోకక్కా. ముగ్గురు తిరిగిచ్చేశారు. సిగరెట్ కంపంట."

ఆమె ఒక చొక్కా తీసి వాసన చూసింది. ఉతికిన నూలు వాసన తప్ప ఏమీ లేదు. కోడలికి అందించింది. నెలలు నిండుతున్న కోడలు చొక్కా ముక్కు దాకా తేకుండానే తల దించుకుంది.

"వస్తోందత్తయ్యా."

"ఎప్పట్నుంచి?"

"మామయ్యగారు ఇంట్లో తాగడం మొదలెట్టిన దగ్గర్నుంచి. మీకూ వస్తోంది, ఓర్చుకుంటున్నారనుకున్నా."

ఆమె లేచింది. బీరువా తెరిచి, పుట్టబోయే మనవడికో మనవరాలికో కుట్టి దాచిన తెల్లచొక్కా తీసింది. "ఇది?"

కోడలు దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. ముఖం మాత్రం పక్కకు తిప్పుకుంది.

కొట్టావిడ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. కిటికీ దగ్గర కూర్చున్న ఆయన చేతిలో సిగరెట్ కొస దాకా కాలుతోంది, పీల్చడం లేదు. ఆమె తన అరచేతులు వాసన చూసుకుంది. కొంగు చూసుకుంది. దేనికీ వాసన లేదు. ఇన్నాళ్లూ ఇల్లు శుభ్రంగా ఉందనుకుంది. చెడిపోయింది తన ముక్కు.

రాత్రి భోజనాల దగ్గర కొడుక్కి పెరుగు వడ్డిస్తూ చెప్పింది.

"మీ నాన్న ఇష్టానికి నేను అడ్డు రాను. ఆయన ఇల్లు, ఆయన కిటికీ. రేపు కోడల్నీ, మిషన్నీ తీసుకుని మా చెల్లెలింటికి పోతున్నా. నువ్వూ అక్కడికే వచ్చెయ్. బిడ్డ పుట్టాక ఏ ఇంటికి తీసుకురావాలో మీ నాన్నే చెప్తారు."