కుర్చీలో మనిషి

సిరంజిలో క్లోరిన్ వాసన కొట్టే మందు నింపుకుని, సన్నటి సూదిని పంటి వేరులోకి దించి, డాక్టరమ్మ మెల్లగా నొక్కింది. లోపలి మురికి నురగై పైకి తేలింది. ఎడమచేతిలోని గొట్టం దాన్ని గుర్రుమంటూ పీల్చేసింది. సూదిని వెంట్రుకవాసి వెనక్కి లాగి మళ్ళీ నొక్కింది.

కుర్చీలో ఉన్నది బట్టలు కుట్టే ఆవిడ. దారం కొరికి కొరికి ముందుపన్ను గాటుపడి, చివరికి వేరు కుళ్ళింది. పీకించుకోమన్నారు అందరూ. "కత్తెర వెతుక్కునేలోపు నా పన్ను పని కానిచ్చేస్తుంది, దాన్నెలా పీకిస్తానమ్మా?" అంటూ ఇక్కడికొచ్చింది.

గుమ్మంలో మేస్త్రీ, అతని మనుషులు తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. భవనం అమ్ముడైపోయింది. కూలగొట్టేలోపు ఈ కుర్చీ ఇంకో ఊరి ఆసుపత్రికి చేరాలి.

"కాస్త గట్టిగా నొక్కేస్తే అయిపోదా డాక్టరమ్మా?"

"మందు వేరు దాటిపోతే ఆవిడ మొహం బుంగైపోతుంది. నువ్వొచ్చి సమాధానం చెప్తావా?"

"కింద బండివాడు గోల పెడుతున్నాడండీ."

"అయితే మనిషితో సహా మోసుకెళ్ళు. నేనూ వెనకాలే నడుస్తూ కడుగుతా."

పంటి చుట్టూ బిగించిన రబ్బరు గుడ్డ కింద ఆవిడ గొంతులోనే కిసుక్కుమంది.

"నవ్వకు తల్లీ, సూదుంది."

మందు లోపల పనిచేయాలి. డాక్టరమ్మ తన స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుంది. ఆమెకున్న బట్టలన్నిటి మీదా ఈ మందు చింది రంగు పోయిన చుక్కలే. "మచ్చలేని కోడలనుకున్నాం," అని అత్తగారు మూతి తిప్పితే, "మచ్చలన్నీ బట్టలకేలెండి అత్తయ్యా," అనేసి పనికి నడిచింది. భర్త పోయాక, "ఇంకెవరి కోసం ఈ పని వదినా?" అన్న మరిది మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. పీకడం చిటికెలో పని. నిలబెట్టడానికే ఓపిక కావాలి.

కాగితపు పుల్ల వేరులో దూర్చి తీసింది. కొసన చెమ్మ, సన్నటి మరక. మళ్ళీ సిరంజి నింపింది. మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. అతని మనిషొకడు గోడ దగ్గరికి జరిగాడు.

"ప్లగ్గు మీద చెయ్యేస్తే ఆ వేలిగోరు పీకుతా. నాకు పీకడం రాదనుకోకు!"

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఈసారి పుల్ల పొడిగా, తెల్లగా వచ్చింది. డాక్టరమ్మ దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తొందర పడకుండా వేరు పూడ్చి, పన్ను మూసింది.

"మళ్ళీ దారం కొరకొచ్చామ్మా?"

"కొన్నాళ్ళు కత్తెరకి పని చెప్పు. ఆ తర్వాత నీ పన్ను, నీ ఇష్టం."

ఆవిడ వెళ్ళాక చేతులు కడుక్కుని, సంచి భుజాన తగిలించుకుంది. "ఇప్పుడు తీసుకెళ్ళండి," అని మెట్లు దిగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మేస్త్రీ మనుషులు బోల్టులు విప్పి కుర్చీని కిందికి దించారు. పక్కనున్న స్టూలు సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. ఒకవైపు అరిగి పల్లంపడ్డ ఆ గుండ్రటి స్టూలు, నేలమీద మిగిలిన బోల్టు గుంతల మీదికి ఇంకా వంగి చూస్తున్నట్టే ఉంది.