రెండో గడి పలకలేదు

మేస్త్రి చేతికి లొంగని వస్తువంటూ లేదని ఆ వీధి వీధంతా చెప్పుకునేది. తలుపు గడియ దగ్గర్నుంచి నీళ్ల పంపు దాకా ఏది తెచ్చిపెట్టినా, చెవి దగ్గర ఒకసారి ఆడించి తప్పెక్కడుందో చెప్పేసేవాడు. ముప్పై ఏళ్లుగా ఆకురాయి పట్టిన చెయ్యి మరి. అలాంటి మనిషిని అరచేతిలో ఇమిడే మౌతార్గాన్ ఒకటి పన్నెండు రోజులుగా మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది.

అది తమ్ముడిది. వర్క్‌షాపులో ఇద్దరివీ పక్కపక్క బల్లలు. మధ్యాహ్నం అన్నం గిన్నెలు కడుక్కున్నాక తమ్ముడు ఇనప రేకుల గుట్ట మీద కూర్చుని, తను సొంతంగా కట్టుకున్న పాట వాయించేవాడు. దానికి పేరు లేదు, మాటలు లేవు. ఎనిమిది నెలల కిందట పనిముట్లకు సాన పట్టే చక్రం తిరుగుతూనే పగిలింది. ముక్క వచ్చి తమ్ముడి గుండెల మీద తగిలింది. ఆస్పత్రి గుమ్మం చేరేలోపే ప్రాణం పోయింది.

ఇప్పుడు మరదలు ఊరు విడిచి వెళ్తోంది. వాళ్లక్క ఉన్నచోట బట్టలు కుట్టే పని దొరికింది. ఆదివారం పొద్దున్నే బస్సు. ఆ పిల్లే మౌతార్గాన్‌ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది.

“బావగారూ, ఆయన పాట నాకు సగంలో ఆగిపోతోంది. గిన్నెలు తోముతూ తలుచుకుంటానా, అక్కడిదాకా వస్తుంది, ఆపైన రాదు. రోజూ పక్కన కూర్చుని విన్నది మీరే. నేను వెళ్లేలోపు దీంట్లో ఒక్కసారి వాయించి వినిపించండి. ఇంకేమీ అడగను.”

“దానికేముందమ్మా, అలాగే,” అనేశాడు మేస్త్రి. ఈలవెయ్యడం కూడా చేతకాని మనిషి! కానీ ఆ పిల్ల ఏమడిగినా కాదనే నోరు ఆయనకి ఎనిమిది నెలలుగా లేదు. ఎందుకు లేదో ఆయనకొక్కడికే తెలుసు.

వీధి చివర ఉండే రిటైరైన బస్సు కండక్టరు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. తమ్ముడికి మొదట నేర్పింది ఆయనే. “బాబాయ్, పాట నా తలలో ఉంది. నోట్లోకి ఎలా దించాలో చెప్పు చాలు,” అన్నాడు.

ఊదితే రెండు మూడు స్వరాలు కలిసి గోల గోలగా వచ్చాయి. కండక్టరు పకపకా నవ్వాడు.

“ఒక సీట్లో ముగ్గుర్ని కుక్కుతున్నావు మేస్త్రీ. మూతి సున్నాలా చుట్టు. ఒక్కడు కూర్చోవాలి, మిగతావాళ్లు దిగాలి.”

సున్నా చుట్టాడు. ఇద్దరు మిగిలారు. ఇంకా చుట్టాడు. పెదవులు పగిలాయి, తల తిరిగింది, నోరంతా ఇత్తడి రుచి. ఇంటికొచ్చి సాధన చేస్తుంటే భార్య వంటింట్లోంచి తొంగి చూసింది. “మనింట్లో పిల్లిని ఎవరో తొక్కుతున్నారేమోనని పక్కింటావిడ అడిగింది. ఏం చెప్పమంటావయ్యా?” అంది. నవ్విద్దామనే అంది పాపం. ఆయన నవ్వలేదు.

తొమ్మిదో రోజుకి స్వరాలు విడివిడిగా రాసాగాయి, గాలి ఊదే గళ్లలో రెండో గడి తప్ప. ఊదితే పలుకుతుంది. పాటకి కావాల్సింది ఊపిరి లోపలికి పీలిస్తే వచ్చే స్వరం, అదే మొరాయిస్తుంది. జలుబు చేసిన గొంతులా ముక్కుతూ మూలుగుతూ ఒక మొద్దు శబ్దం. ఖర్మ కాకపోతే, పాట సగంలో మలుపు తిరిగేది సరిగ్గా అక్కడే. మరదలికి ఆగిపోతున్నదీ అక్కడే.

“అది కొత్తవాళ్లందరికీ మొండికేసే గడే,” అన్నాడు కండక్టరు. “నాకు నెల పట్టింది. పీల్చడమంటే బావిలోంచి నీళ్లు తోడటం కాదయ్యా. దవడ దించి, గొంతు వదులు చేసి, మామూలుగా ఊపిరి తీసుకో. లాగేకొద్దీ మూగబోతుంది.”

“నా మూతిలో ఏం లేదు బాబాయ్. లోపల రేకే చెడింది.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే!” అని కండక్టరు లేచి లోపలికి పోయాడు.

ముసలాయన మాట వింటే ఏం పోయేది? వినలేదు. శుక్రవారం మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్లాక, మేస్త్రి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి మౌతార్గాన్ మరలు విప్పాడు. లోపల ఇత్తడి రేకులు వరసగా ఉన్నాయి. రెండో గడిలో రేకు మొదట్లో అడ్డంగా సన్నటి గీత. “ఇదిగో దొంగ!” అన్నాడు పైకే. ముప్పై ఏళ్లలో గీత పడ్డ లోహాన్ని అలాగే వదిలేసిన పాపాన పోలేదు ఆయన. అన్నిటికన్నా సన్నని ఆకురాయి తీసి, గీత కనపడకుండా పోయేదాకా మెల్లగా పట్టాడు. మళ్లీ బిగించి, నోట పెట్టి, బలంగా పీల్చాడు. ఒక్క క్షణం ఏదో మోగింది. టిక్కుమంది. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు.

శనివారం పొద్దున విరిగిన రేకుని అరచేతిలో పెట్టి చూపిస్తే కండక్టరు మొహం పాలిపోయింది.

“ఇక్కడ గీత ఉండాలే?”

“అదే తప్పని తీసేశాను.”

“ఎంత పని చేశావయ్యా! ఆ గీత వాడిదే. ఇదే అరుగు మీద కూర్చుని నా ముందే గీశాడు. ఈ స్వరం కాస్త దిగితేనే నా పాటకి సరిపోద్ది బాబాయ్ అన్నాడు. రేకు బంగారంలా ఉండేది. నీ మూతే ఇంకా కుదర్లేదు.”

కండక్టరు తన మౌతార్గాన్ తెచ్చి చేతిలో పెట్టాడు. గాలి లాగే ఓపిక కూడా మేస్త్రికి లేదు. ఒళ్లంతా సోలిపోయి, ఉత్తి ఊపిరి తీసుకున్నట్టు రెండో గడి పీల్చాడు. స్వరం తేటగా, నీళ్లలా వచ్చింది.

“చూశావా,” అన్నాడు కండక్టరు నీరసంగా. “కానీ ఇది వాడి స్వరం కాదు. ఇందులో ఆ పాట రాదు.”

మేస్త్రి అరుగు మీద కూలబడిపోయాడు. ఏడుపు తన్నుకొచ్చింది, ఏడ్చాడు. కొత్త సాన చక్రం బిగించేముందు కర్ర పిడితో తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టు. తమ్ముడు పోయిన రోజు చక్రాన్ని తట్టింది ఆయనే. “అన్నా, ఇది సరిగ్గా మోగట్లేదు,” అన్నాడు పక్కనున్న తమ్ముడు. “ఊదీ ఊదీ నీ చెవులు చెడ్డాయిరా, బిగించు,” అన్నాడు ఈయన. వాడు మళ్లీ అన్నాడు. “నాకు నేర్పుతావా?” అని కసిరాడు. వాడు నోరుమూసుకుని బిగించాడు. తర్వాత అందరూ చక్రం నాసిరకం సరుకన్నారు. మేస్త్రి కూడా అదే అన్నాడు.

ఆదివారం వెళ్లేసరికి మరదలు గది ఖాళీ చేసి, పెట్టె కట్టి, గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన్ని చూడగానే మొహం విప్పారింది. “వచ్చారా బావగారూ! వినకుండా బస్సెక్కాల్సి వస్తుందేమోనని హడలిపోయాను.”

మేస్త్రి గుమ్మంలోనే నిలబడి రుమాలు విప్పాడు. రేకు సంగతి చెప్పాడు. పరవాలేదని ఆమె అనబోతోంది. అననిస్తే ఇక జన్మలో చెప్పలేనని ఆయనకి తెలుసు. ఆగకుండా చక్రం సంగతి కూడా చెప్పేశాడు.

ఆమె వంగి పెట్టెకి కట్టిన తాడు ముడి బిగించింది.

“ఎన్నిసార్లు చెప్పారు ఆయన?”

“రెండుసార్లమ్మా.”

మౌతార్గాన్ తీసుకుని, నోట పెట్టుకుని ఎక్కడో ఒకచోట ఊదింది. ఏవో రెండు స్వరాలు కలిసి వచ్చాయి. చీర చెంగుతో తుడిచి, రుమాల్లో చుట్టి, రొంటిన దోపుకుంది. పెట్టె అందుకుందామని మేస్త్రి వంగాడు. ఆమె పెట్టెను తన వైపు లాక్కుంది. పెళ్లయిన నాటి నుంచీ ఆయన్ని బావగారూ అని తప్ప పిలిచి ఎరగదు.

“తప్పుకోండి మేస్త్రిగారూ,” అంది. “బస్సుకి టైమవుతోంది.”

మేస్త్రి గుమ్మం వదిలి పక్కకి జరిగాడు.