పది వేళ్ల పాట

మధ్యాహ్నం రెండున్నరకు ఫస్ట్ షిఫ్టు బస్సు పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీద ఆగేది. రెండూ నలభైకల్లా ఏలీయా ఇంట్లో ఉండేవాడు. బూట్లు గడప బయట విప్పి, కాళ్లూ చేతులూ కడుక్కుని, భార్య సుకుమారి పెట్టింది తిని, వరండాలో నవారు మంచం మీద వెల్లకిలా పడుకునేవాడు. కాసేపటికి అతని ఛాతీలో పవర్ ప్రెస్సు మొదలయ్యేది.

ధడ్. చిక్ చిక్. ధడ్. చిక్ చిక్.

ధడ్ అంటే ప్రెస్సు రేకు మీద పడటం. మొదటి చిక్ తయారైన మూత బయటికి రావడం, రెండోది కొత్త రేకు లోపలికి పోవడం. ముప్పై ఒక్క ఏళ్లుగా కంపెనీలో డబ్బాల మూతలు కొట్టీ కొట్టీ, ఒంట్లో మిగిలిపోయిన చప్పుడు రోజూ రెండు గంటల పాటు అలా బయటికి పోయేది. పొయ్యి ఆర్పేసినా గిన్నె కాసేపు వేడిగానే ఉంటుంది కదా, అదీ అంతే. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. ఓవర్‌టైం చేసొచ్చిన రోజున మాత్రం పక్కింటి పద్మావతి గోడ మీంచి, "అన్నా, ఇయ్యాల జెర ఎక్కువైంది" అనేది. అనడం అనేదే కానీ, చంటిపిల్లాణ్ణి తెచ్చి ఆ ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టేదీ ఆవిడే. ఆ దరువు వినబడితే చాలు, వాడు ఇట్టే నిద్రపోయేవాడు. సుకుమారి ఆ దరువుకే ఉల్లిగడ్డలు కోసేది. ఇంటి ప్రార్థనకు వచ్చిన చర్చి అయ్యగారు దాని మీద రెండు కీర్తనలు అదనంగా పాడించి మరీ వెళ్లేవారు.

దాన్ని ఓర్చుకోలేనిది కూతురు బ్యూలా ఒక్కతే. చిన్నప్పటి నుంచీ ప్రతి పరీక్షకూ ఆ ధడ్ చిక్ చిక్ మధ్యనే చదివింది మరి. అంతకు మించిన చప్పుడు చేసి పగ తీర్చుకోవాలనే ఇంటర్‌లో ఎలక్ట్రిక్ గిటారు పట్టింది. ఇప్పుడు జిన్నారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు 'గండ్రగొడ్డలి' అనే రాక్ బ్యాండులో వాయిస్తుంది. ఆ పేరు చర్చిలో చెప్పలేక సుకుమారి "మా పిల్లల సంగీతం" అని సరిపెట్టేది. బ్యాండులో ఉన్నదే ముగ్గురు. దాణా వ్యాపారి సోమేశ్వర్ కొడుకు జయంత్ పాడతాడు, అంటే గొంతు చించుకుని అరుస్తాడు. జెఫ్రీ డ్రమ్స్. సోమేశ్వర్ దాణా గోదాములోనే ప్రాక్టీసు. వీళ్లు వాయించడం మొదలెట్టాక బస్తాలకు పురుగు పట్టడం మానేసిందని ఆయన గిరాకీలకు గర్వంగా చెప్పుకునేవాడు.

సెప్టెంబరు ఆఖరున ఏలీయా రిటైరయ్యాడు. శాలువా కప్పి, గోడ గడియారం చేతికిచ్చి పంపారు. మర్నాడు ఛాతీలో ప్రెస్సు గంటన్నరే నడిచింది. వారం తిరిగేసరికి అరగంటకు పడింది. ఏలీయా మాత్రం పొద్దున్నే గడ్డం గీసుకుని, యూనిఫాం చొక్కా వేసుకుని, అప్పుడు గుర్తొచ్చి గడప మీద కూలబడేవాడు. అన్నం సగంలోనే లేచేవాడు. పలకరిస్తే పలికేవాడు, లేకపోతే లేదు.

"మీ డాడీ ఆరిపోతున్నడే బిడ్డా," అంది సుకుమారి ఒకరోజు కూతురితో. "ఆ సప్పుడు పోయిన దినం మనిషి గూడ మిగలడు. నాకు భయమైతుంది."

బ్యూలా ఆ శనివారం తండ్రి నిద్రలో ఉండగా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆ ఛాతీ మీద చెవి పెట్టి పడుకుంది. ఫోనులో టైము చూసుకుంది. ఏడు నిమిషాలు. ఆ తర్వాత మామూలు గుండె చప్పుడే. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్లూ ఏ చప్పుడు మీద కక్ష కట్టిందో, అది పోతుంటే ఇల్లే పోతున్నట్టుంది.

అదే వారం జెఫ్రీకి పూణేలో ఉద్యోగం దొరికింది. "డ్రమ్మర్ లేని బ్యాండేంది బ్యూలా? ఇగ బంద్ జేద్దాం," అన్నాడు జయంత్.

"డ్రమ్మర్ ఉన్నడు. రేపు తీస్కొస్త."

ఆదివారం చర్చి అయ్యాక తెల్లచొక్కాతోనే ఏలీయా గోదాముకు వచ్చాడు. తవుడు బస్తాల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. బ్యూలా బొత్తాలు విప్పి ఛాతీకి మైకు టేపుతో అంటించింది. సుకుమారి పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది. రెండున్నర దాటింది.

ధడ్. చిక్ చిక్.

బ్యూలా కాలితో గిటారు చప్పుడు పెంచే పెడల్ నొక్కింది. గిటారు గర్జించింది. జయంత్ నోరు తెరిచి ఒక్క కేక పెట్టాడు. టక్కున ఏలీయా ఛాతీ ఆగిపోయింది.

బ్యూలా, జయంత్ కూడా ఆగారు. నిశ్శబ్దంలో మళ్లీ ధడ్ చిక్ చిక్ మొదలైంది. బ్యూలా మళ్లీ పెడల్ నొక్కింది. మళ్లీ ఆగింది.

"ఏంది డాడీ?"

"నా చేతుల లేదు బిడ్డా," అన్నాడు ఏలీయా ఇబ్బందిగా. "ఎక్కడన్న పెద్ద సప్పుడైతె ముందు ప్రెస్సు పెడల్ మీదికెళ్లి కాలు తియ్యాలె. డ్యూటీల జేరిన తొలిరోజే నర్సింహులు మేస్త్రి నేర్పిండు. ఆయనకు ఏడు వేళ్లే మరి. ఎవడో అరిశిండంటే ఎవనిదో చెయ్యి పోతుందన్నట్టు." రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. "నాయి పదీ ఉన్నయి."

ప్రెస్సుల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లు చేసి పది వేళ్లతో బయటికొచ్చిన వాళ్లను వేళ్ల మీదే లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్లు పట్టుకునే తను నడక నేర్చిందని బ్యూలాకు గుర్తొచ్చింది. నాలుగు నిమిషాలు కూడా మిగల్లేదు. ఆమె పెడల్ మీంచి కాలు తీసేసింది.

ఉత్త తీగలు మీటింది, మెల్లగా, ధడ్‌కూ ధడ్‌కూ నడుమ. ఛాతీ ఆగలేదు. జయంత్ బిక్కమొహం వేశాడు. అరవకుండా పాడటం వాడికి ఎవరు నేర్పారు గనుక? చివరికి బ్యూలా రాసిచ్చిన పాటను గిరాకీతో మాట్లాడే గొంతుతోనే ఎత్తుకున్నాడు.

"రెండున్నర బస్సొచ్చింది, రేకు వాసన తెచ్చింది,
డబ్బా మూత తీసి చూస్తే ఇల్లు లోపలున్నది..."

ఆ గొంతు బాగుంది! వాడికే తెలియదు అంత బాగుంటుందని. సుకుమారి విసనకర్ర ఆపి వింటోంది. పాట ఆఖరి చరణం దాటాక ఛాతీ ఒక్క ధడ్ అని ఆగింది. ఆ తర్వాతి రోజు రెండున్నర దాటినా అది మొదలవనేలేదు. ఆ పైరోజూ లేదు. ఏలీయా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు గోదాములో రికార్డు చేసిన పాటకు 'రెండున్నర' అని పేరు పెట్టి శుక్రవారం ఆన్‌లైన్‌లో వదిలారు. పాత అభిమానులు, ఉన్న కొద్దిమందీ, తిట్టిపోశారు. "గండ్రగొడ్డలి మొద్దుబారింది" అని ఒకడు. "లాలిపాట గూడ మొదలుపెట్టిన్రా?" అని ఇంకొకడు. రెండోవాడి మాట నిజమే అయింది. నిద్రపోక చంపుతున్న పిల్లాడికి పద్మావతి ఆ పాట వినిపించింది. వాడు రెండో చరణానికే పడుకున్నాడు. ఆవిడ చెల్లెలికి పంపింది, చెల్లెలు భానూర్‌లో పదిమందికి పంపింది. అక్కడి నుంచి అది తండ్రుల ఫోన్లకు ఎక్కింది, తండ్రులతో పాటు షిఫ్టు బస్సులెక్కింది. బస్సులో వింటున్న వాళ్లకు ఆ ధడ్ ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పది రోజుల తర్వాత ఏలీయా గడప మీద కూర్చుని ఉండగా, ట్రాఫిక్ తప్పించుకోవడానికి షిఫ్టు బస్సొకటి వీధిలోంచి పోయింది. కిటికీల్లోంచి పాట, దాంతో కలిసి పాడుతున్న నలభై గొంతులు. బస్సు మలుపు తిరిగింది. పాట దూరమైంది. దరువు మాత్రం గడప దగ్గరే ఉండిపోయింది.

"సుకుమారీ," అని పిలిచాడు ఏలీయా. "అన్నం పెట్టు. ఆకలైతుంది."

నవంబరులో చర్చి కోత పండుగ. గుమ్మడికాయలూ కోళ్లూ కానుకలుగా వచ్చిన ఆ మైదానంలోనే బ్యాండును వాయించమన్నారు. ఏలీయా ఇస్త్రీ యూనిఫాం వేసుకున్నాడు. సుకుమారి అడక్కుండానే టిఫిను డబ్బా కట్టింది. స్టేజీ మీద మంచం వేస్తే పడుకోనన్నాడు, డ్యూటీలో పడుకుంటారా ఎవరైనా? కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పాట ఎత్తుకోగానే ఛాతీ అందుకుంది. మైదానమంతా దరువు పాకింది. కంపెనీల వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మొదటి చరణం అయిందో లేదో ఈలలు, కేకలు, చప్పట్లు ఒక్కసారిగా మిన్నంటాయి.

ఛాతీ ఆగిపోయింది.

ఏలీయా మొహం పాలిపోయింది. ఎవరి చెయ్యి పోయిందోనన్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు. బ్యూలా గిటారు ఆపి తండ్రి వైపు రెండడుగులు వేసింది. ఇంతలో ముందు వరుసలో ఒక ముసలాయన చేతికర్ర పారేసి లేచి నిలబడ్డాడు. నర్సింహులు మేస్త్రి. ఏడు వేళ్ల చేతులు రెండూ పైకెత్తి చప్పట్లు కొడుతూ అరిచాడు.

"ఎవలకేం కాలేదురా ఏలీయా! గివి సప్పట్లు! నీకే! కాలు తియ్యకు!"

ఏలీయా మేస్త్రినే చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ల కింద కాలు తియ్యమన్నదీ ఆయనే. మెల్లగా తల ఊపాడు.

ధడ్. చిక్ చిక్.

జనం ఇంకా గట్టిగా అరిచారు. ఛాతీ ఆగలేదు. జయంత్ నవ్వుతూ రెండో చరణం అందుకున్నాడు, బ్యూలా కళ్లు తుడుచుకుని తీగ మీటింది. ఆ రోజు ఆ పాటను నాలుగుసార్లు పాడించారు.

అంతా అయ్యాక ఏలీయా స్టేజీ వెనక బెంచీ మీద కూర్చుని డబ్బా మూత తీశాడు. నిండా పులిహోర. ఆఖరి మెతుకు దాకా తిని, చెయ్యి కడుక్కుని, కూతుర్ని అడిగాడు.

"రేపు ఏ షిఫ్టు బిడ్డా?"