బొట్టున్న సాకెట్టు

మెర్సీ ఉద్యోగంలో చేరిన రోజే సుబ్బరాయుడు సార్ ఆమెకు ఒక డబ్బాను పరిచయం చేశాడు. మనిషిని పరిచయం చేసినట్టే చేశాడు.

"ఈయన మన టెర్మినల్ అడాప్టర్ మ్మా. ఈ ల్యాబులో నాకంటే సీనియర్. నమస్కారం పెట్టకపోయినా ఏం కాదు గానీ, నెత్తిన కాఫీ కప్పు మాత్రం పెట్టాకు."

టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, ఇప్పుడు నెయ్యి రంగుకు తిరిగింది. ముందు వైపు నాలుగు చిన్న లైట్లు, వెనక వైపు సాకెట్లు. ఇంటింటికీ ఫైబర్ రాకముందు, ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ ఫోన్ లైను మీద ఇంటర్నెట్ నడిచే కాలంలో, కంప్యూటర్ భాష లైనుకు తెలిసేది కాదు, లైను భాష కంప్యూటర్‌కు తెలిసేది కాదు. మధ్యలో ఈ డబ్బా దుబాసీ. ప్రపంచమంతా ఆ దుబాసీని ఎప్పుడో ఇంటికి పంపేసింది. యూరప్‌లో ఎక్కడో కొండల మీద ఉన్న ఆనకట్టల వాళ్ళు మాత్రం పంపలేదు. నీటిమట్టం చెప్పే వాళ్ళ స్టేషన్లు ఇంకా తమ సొంత లైన్ల మీద, ఇలాంటి డబ్బాలతోనే మాట్లాడుకుంటున్నాయి. వాటికి ఏ జబ్బు చేసినా వైద్యం హైటెక్ సిటీలోనే, ఈ గదిలోనే. వైద్యులు ఇద్దరు: ప్రొద్దుటూరు సుబ్బరాయుడు సార్, విజయనగరం మెర్సీ.

మిగతా ఫ్లోరంతా ఏఐ అంటూ తిరిగేది. వీళ్ళ గదిని మ్యూజియం అనేది. క్యాంటీన్‌లో ఎవరైనా "మ్యూజియం టికెట్ ఎంత మెర్సీ?" అని అడిగితే, "నీలాంటి పాత సరుక్కి ఫ్రీ" అనేది ఆమె.

డబ్బా బతికుందో లేదో చూడాలంటే పాత కంప్యూటర్ తెర మీద ఏ, టీ అని రెండక్షరాలు కొట్టాలి. బతికుంటే 'ఓకే' అంటుంది. మెర్సీ మొదటిసారి ఆ రెండక్షరాలూ కలిపి పైకి చదివినప్పుడు సార్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"మీ జిల్లా భాష మాత్రమే అర్థమైతాది మ్మా దీనికి. మీరు 'ఏటీ' అంటారు, అది 'ఓకే' అంటాది. నేను ఇన్నేండ్లుగా 'ఏంది' అంటాండా, ఒక్కసారి పలికిందా?"

"మీరు గట్టిగా అడుగుతారు సార్. భయపడి ఉంటాది."

అప్పట్నుంచి పొద్దున్నే డబ్బాను పలకరించే పని మెర్సీదే. ఏటీ. ఓకే. ఆ తర్వాతే ఇద్దరికీ కాఫీ.

దసరాకు సార్ ప్రొద్దుటూరు వెళ్ళాడు. మా ఊరి దసరా చూడని కన్ను కన్నే కాదు అంటాడాయన, కాబట్టి సెలవు విషయంలో ఎవరూ అడ్డుపడరు. ఏటా ఆయన ఊరికి బయల్దేరకముందే అయ్యే ఆఫీసు ఆయుధపూజ ఈసారి ఆయన వెళ్ళాక అయింది. ల్యాప్‌టాపులకు, ప్రింటర్లకు, చివరికి కాఫీ మెషీన్‌కు కూడా కుంకుమ అందింది. మ్యూజియం గడప మాత్రం ఎవరూ తొక్కలేదు. మెర్సీ తలుపు దగ్గర నిలబడి చూస్తే, ఇంటిల్లిపాదీ కొత్త బట్టలు కట్టుకున్న పండగ పూట పక్క గదిలో పాత చొక్కాతో కూర్చున్న పెద్దాయనలా కనపడింది డబ్బా. ఏటా సారే తన చేత్తో దానికి బొట్టు పెడతాడని ఆమెకు తెలుసు. ఈసారి ఎవరు పెడతారు?

వాళ్ళ నాన్న చర్చిలో పాటల బృందానికి పెద్ద. మెర్సీ పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ బొట్టు పెట్టలేదు, పెట్టుకోలేదు. అయినా కాఫీ మెషీన్ దగ్గరున్న కుంకుమ పళ్ళెంలో ఉంగరపు వేలు ముంచింది. అంతకు ముందే తడి టిష్యూతో డబ్బా ఒళ్ళంతా తుడిచింది. వెనకపక్క సాకెట్ మీద ఏదో నల్లటి ఎరుపు మరక తుప్పులా పట్టుకుని ఉంటే, గోరుతో గీకి మరీ వదిలించింది. ముందు వైపు పెడితే లైట్లు కనపడవని ఇంజినీర్‌లా ఆలోచించి, వెనకే, చోటు కాస్త ఎక్కువున్న సాకెట్ మీద గుండ్రంగా, అందంగా బొట్టు పెట్టింది. ఫొటో తీసింది గానీ ఇంటి గ్రూపులో మాత్రం పెట్టలేదు.

సార్ తిరిగొచ్చేసరికి రెండు మార్పులు జరిగిపోయాయి. ల్యాబున్న గది మీటింగ్ రూమైంది. తీగలన్నీ పీకేసిన సామాను యూపీఎస్ గది పక్కన చిన్న గదిలోకి చేరింది. రెండో మార్పు చెప్పడానికి మేనేజర్ స్వప్న స్వయంగా వచ్చింది. కరీంనగర్ మనిషి, విషయం చుట్టూ తిరగడం రాదు.

"సార్, ముచ్చట చెప్తా, పరేషాన్ గాకున్రి. క్లయింట్ మీటింగ్ ప్రీపోన్ చేసిన్రు. సాయంత్రం నాలుగింటికే. మన అడాప్టర్ కాల్ చేసుడు, లైన్ కలిసుడు వాళ్ళు వీడియోల సూస్తరట. కలిస్తే ఇంకో ఏడాది సపోర్ట్ మనకే."

"కలవకపోతే?"

స్వప్న డబ్బా వైపు చూసింది, ఆయన వైపు చూడలేక. "ల్యాబ్ బంద్ సార్. సామానంత బాలానగర్ తుక్కుకు పోతది. మీరు పక్క టవర్ల ట్రైనింగ్ బ్యాచ్‌ల కూసోవాలె."

సుబ్బరాయుడు సార్ రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. ఆయన కోరిక చిన్నది, అందరికీ తెలిసినది. ఈ డబ్బాను ఆఖరిసారి స్విచ్ ఆపి, గదికి తాళం వేసి, అటునుంచి అటే ఇంటికి పోవాలని. కొత్త పిల్లల మధ్య మెడలో 'ట్రైనీ' ట్యాగుతో కూర్చుని, అక్కణ్ణుంచి పోవాలని కాదు.

"కలుచ్చాది లే మ్మా," అన్నాడు. "మావోడు నన్నెప్పుడూ సిగ్గుపడనీలేదు."

స్వప్న వెళ్ళాక డబ్బాను ఒళ్ళోకి తీసుకుని వెనక్కి తిప్పాడు. ముఖం వెలిగింది.

"ఎవరో బొట్టు పెట్టినారే! నేను లేకపోయినా మర్చిపోలేదు సూడు. స్వప్నే అయ్యుంటాది. మాట కరుకు గానీ మనసు మంచిది."

మెర్సీ కేబుల్ చుట్ట విప్పుతూ ఉండిపోయింది. 'నేనే సార్' అనడానికి ఎందుకో సిగ్గేసింది. స్వప్నకు కాస్త మంచి పేరొస్తే పోయేదేముందిలే అనుకుంది.

ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. డబ్బాకు కరెంటు ఇచ్చారు. పవర్ లైటు పచ్చగా వెలిగింది. వెడల్పాటి సీరియల్ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపారు. మెర్సీ ఏటీ అంది, డబ్బా ఓకే అంది. మూలనున్న బుల్లి ఎక్స్ఛేంజి నుంచి లైను కేబుల్ తెచ్చి సారే తన చేత్తో గుచ్చాడు. ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజి చేసే పనంతా ఈ గది వరకు చేసిపెట్టే యంత్రం అది. లైన్ లైటు నారింజ రంగులో కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎక్స్ఛేంజితో చెయ్యి కలిశాక అది పచ్చగా నిలబడాలి.

నిలబడలేదు.

"కొత్త గది కదా, బెదిరింది," అన్నాడు సార్.

కేబుల్ మార్చారు. ఎక్స్ఛేంజి ఆపి మళ్ళీ వేశారు. ఎక్స్ఛేంజిలో ఇంకో పోర్టుకు పెట్టారు. పాత సెట్టింగులన్నీ మరిచిపొమ్మని డబ్బాకు ఆదేశమిచ్చి, ఒక్కొక్కటీ మళ్ళీ నేర్పారు. ఓపిగ్గా అన్నిటికీ ఓకే అంది. నంబర్ కొట్టి కాల్ చెయ్యమంటే మాత్రం లైన్ లేదంది. నారింజ లైటు కొట్టుకుంటూనే ఉంది.

భోజనాలు మర్చిపోయారు. మెర్సీ డబ్బాను బతిమాలింది, బెదిరించింది, విజయనగరం యాసలో తిట్టింది కూడా. "ఏటయిందే నీకు? మాతోనేమో అన్నిటికీ ఓకే అంటావు, వాళ్ళతో మాటాడవు. పెళ్ళిచూపులనుకున్నావేటి?"

సార్ నవ్వలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అది తుడిచి చాలాసేపైనా పెట్టుకోలేదు.

తలుపు తోసుకుని స్వప్న వచ్చింది. "సార్, అయితదా కాదా జర చెప్పున్రి. వాళ్ళు జాయిన్ అయితున్నరు. నేను ఏదో ఒకటి మాట్లాడి కొంచెంసేపు ఆపుత, అంతకంటే నాతోని కాదు."

"పోయినట్టుండాది మ్మా," అన్నాడాయన. "వయసైపోయింది. తీసకపోయేటప్పుడు యాడన్నా తట్టుకుని ఉంటాది. నేనే వచ్చి చెప్తా వాళ్ళకి. నువ్వు మాట పడాకు."

ఆయన లేచి చొక్కా సర్దుకుంటుంటే మెర్సీకి ఏం చెయ్యాలో తోచక ఫోన్‌లో డబ్బా మాన్యువల్ తెరిచింది. చదవాల్సినదే గాని, సార్ ఉండగా మాన్యువల్ చదవడం అంటే అమ్మ వంటింట్లో ఉండగా యూట్యూబ్‌లో చారు నేర్చుకోవడం లాంటిది. ఇంతవరకు అవసరం పడలేదు. మొదటి పేజీలోనే బొమ్మ ఉంది. వెనకున్న రెండు సాకెట్లు చూడటానికి ఒక్కలాగే ఉంటాయి, జాగ్రత్త. బయటి లైను 'యు' అని రాసి ఉన్న దానిలో పెట్టాలి. రెండోది ఇంకో పరికరం తగిలించుకోవడానికి. తారుమారైతే లైన్ లైటు పచ్చబడదు.

"సార్, ఒక్క నిమిషం. యు అని రాసి ఉన్న సాకెట్ ఏదండీ?"

"అక్షరాలు యాడుండాయి మ్మా? నా బొటనేలు కింద ఎప్పుడో అరిగిపోయినాయి." ఆయన అప్పటికే తలుపు దగ్గరున్నాడు. "అందుకే గదా బొట్టు. ఏటా దాని మీదే పెడతా. బొట్టున్నదే లైను."

మెర్సీ ఫోన్ పక్కన పెట్టింది. గోరుతో గీకిన నల్లటి ఎరుపు మరక కళ్ళ ముందుకొచ్చింది. అది తుప్పు కాదు, ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి ఎండిన దసరాలు.

"సార్, ఆగండి! ఆ బొట్టు స్వప్న మేడమ్ పెట్టలేదండి. నేను పెట్టాను."

తలుపు దగ్గర ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"నువ్వా?" అన్నాడు సార్.

"నేనే. మీరు లేరు కదా, దీనికొక్కదానికే ఎవరూ పెట్టలేదు. చూడలేకపోయాను. ముందు పాత మరక అనుకుని మీ బొట్టు చెరిపేశాను. తర్వాత…" ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "తర్వాత చోటు బాగుందని పక్క సాకెట్ మీద పెట్టాను."

స్వప్న నుదురు పట్టుకుంది. "ఏందే మెర్సీ! గీ పొద్దంత గందుకా?"

సార్ గదిలోకి వచ్చి డబ్బాను తిప్పి, తప్పు చోట అందంగా ఉన్న ఆ గుండ్రటి బొట్టును చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"మీ నాయనకి తెలుసునా?"

"చంపేస్తారు సార్."

"చెప్పంలే." లైను కేబుల్ పీకి ఆమె చేతికిచ్చాడు. "నువ్వే గుచ్చు. నేను గుచ్చితే అలుగుతాది, పొద్దున్నించీ తప్పు చోట పొడుస్తాండా గదా."

మెర్సీ బొట్టు లేని సాకెట్‌లో కేబుల్ గుచ్చింది. టక్కుమంది. నారింజ లైటు కొట్టుకుంది. ఇంకా కొట్టుకుంది. స్వప్న కూడా వంగి చూసింది. లైటు ఒక్కసారి ఆరిపోయింది. మళ్ళీ వెలిగినప్పుడు అది పచ్చగా ఉంది. కొట్టుకోకుండా, లేత అరిటాకులా నిలబడి ఉంది.

"ఏటీ," అంది మెర్సీ, రెండక్షరాలూ కొడుతూ.

ఓకే, అంది డబ్బా.

మీటింగ్‌లో కొండల అవతలి మనుషులు ఐదారుగురు చిన్న చిన్న గళ్ళల్లోంచి చూస్తుండగా, సుబ్బరాయుడు సార్ నంబర్ కొట్టాడు. డబ్బా కాల్ చేసింది. లైను కలిసింది. తెర మీద 'కనెక్ట్' అని పడి, కింద నీటిమట్టం అంకెలు ఒక్కొక్కటిగా దిగసాగాయి. గళ్ళల్లో ఒక పెద్దాయన వాళ్ళ భాషలో ఏదో అని చప్పట్లు కొట్టాడు. ఆయన గది గోడకు కూడా ఇలాంటి పసుపు రంగు డబ్బాయే ఆనుకుని ఉండటం మెర్సీ చూసింది.

వాళ్ళు వెళ్ళిపోయాక స్వప్న కుర్చీలో కూలబడింది. "ఏడాది ఇచ్చిన్రు సార్. ఇగ మీ గది మీదే. ఫికర్ లేదు." తర్వాత మెర్సీ వైపు వేలు చూపించి, "నువ్వు మాత్రం ఇంకోసారి ఏ మెషీన్‌కన్నా బొట్టు పెడితే ముందుగాల నాకు మెయిల్ పెట్టాలె," అంది, నవ్వాపుకుంటూ.

సార్ టేబుల్ సొరుగులోంచి తన కుంకుమ భరిణె తీశాడు. తప్పు బొట్టును తుడవబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది ఉండనీ. ముచ్చటగా ఉండాది. కానీ లైనుకు గుర్తెట్ల? రెండు బొట్లు పెడితే రేపు నేనే తికమక పడతా."

మెర్సీ బ్యాగు వెతికి చిన్న సీసా తీసింది. ఎర్రటి నెయిల్ పాలిష్. మూత తిప్పి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, సరైన సాకెట్ పక్కన 'యు' అని రాసింది.

"ఇది తడి టిష్యూకి కూడా పోదు సార్. మా నాన్నా ఏమీ అనరు."

సుబ్బరాయుడు సార్ వంగి, ఆరని ఆ అక్షరం మీద మెల్లగా ఊదాడు.

"ఏడాది నిలబడాల మ్మా. ఇంకో పూత వెయ్యి."