ఓడినవాడు ఫోన్ చెయ్యకూడదు

వంటింటి గోడకున్న పాత ల్యాండ్‌లైన్ ఫోన్ పీకించెయ్యమని మా పిల్లలు ఏళ్ల తరబడి పోరుతున్నారు. నేను పీకించను. ఎవరూ లేనప్పుడు మాటలు రికార్డు చేసే పెట్టె ఒకటి వాళ్లే దానికి తగిలించారు, అదీ అలాగే ఉంది. ఆ ఫోన్‌తో ఏడాదికి రెండుసార్లు తప్ప పని పడదు. ఆ రెండుసార్లూ మా ఆయన రూడీకీ, ఆయన అన్న లుడ్విక్‌కీ మధ్య వ్యవహారం. వాళ్లిద్దరి మొండితనం ముందు గాడిదలు కూడా దండం పెట్టాలి.

సంగతి అర్థం కావాలంటే రెండు జట్ల కథ చెప్పాలి. అమెరికాలో ఓహాయో రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సరస్సు ఒడ్డున మేము, క్లీవ్‌లాండ్ వాళ్లం. దక్షిణపు కొసన, నది ఒడ్డున సిన్సినాటి వాళ్లు. మధ్యలో నాలుగు గంటల రోడ్డు. మా ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్. దాన్ని నిలబెట్టిన పెద్దమనిషి పేరే జట్టుకు పెట్టుకున్నారు. అంతటివాణ్ని ఓనరు ఒకనాడు ఉద్యోగంలోంచి తీసేశాడు. ఆయన ఊరుకుంటాడా? కొన్నేళ్లు పళ్లు నూరుకుంటూ కూర్చుని, రాష్ట్రం ఆ చివరికి పోయి బెంగాల్స్ అని పులుల జట్టు పెట్టాడు. మా నారింజ రంగే వాళ్లకీ తొడిగాడు. అందుకే ఇది పరాయివాళ్ల మధ్య పోటీ కాదు, దాయాదుల పోరు.

అరవై తొమ్మిదిలో లుడ్విక్‌కి విమానం ఇంజన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి సిన్సినాటి పోయాడు. పోతే పోయాడు, పొట్టకూటికి ఊరు మారినవాణ్ని ఎవరేమంటారు? కానీ ఆ క్రిస్మస్‌కి పులిచారల టోపీ పెట్టుకుని మా అత్తగారింటికి వచ్చాడు. రూడీ ఆ టోపీ లాక్కుని, పొయ్యి మీద ఉడుకుతున్న పుల్ల క్యాబేజీ కుండలో పడేశాడు. మా అత్తగారు గరిటెతో టోపీ పైకి తీసి, అదే గరిటెతో ఇద్దరికీ చెరొకటి తగిలించింది. ఆ రోజుతో అన్నదమ్ములకు మాటలు ఆగిపోయాయి.

మరుసటి ఏడు ఏటా రెండేసి ఆటల లెక్కన రెండు జట్లూ లీగులో మొదటిసారి తలపడ్డాయి. మేం గెలిచాం. రూడీ సిన్సినాటికి ఫోన్ చేసి, అన్న ‘హలో’ అనగానే పకపకా నవ్వి పెట్టేశాడు. నెల తిరిగేసరికి వాళ్లు గెలిచారు. ఫోన్ మోగింది, రూడీ ఎత్తాడు, అవతల్నుంచి పులి గాండ్రింపు. అంతే, ఆనవాయితీ మొదలైపోయింది. గెలిచినవాడు చెయ్యాలి. ఓడినవాడు ఎత్తాలి, వినాలి, నోరెత్తకూడదు. తర్వాత మా జట్టుకు కుక్క గుర్తయింది, స్టేడియంలో జనం కుక్క ముసుగులు తొడుక్కుని మొరగడం నేర్చారు, రూడీ కూడా నవ్వు మానేసి మొరగడం పట్టుకున్నాడు. పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడితే మంచు బాగా పడుతోందని ఒకరికొకరు చెప్పుకునేవారు. మిగతా కబుర్లన్నీ నేనూ లుడ్విక్ భార్య బెర్నడెట్టూ ఫోన్లో చేరవేసుకునేవాళ్లం.

తొంభై ఐదులో మా జట్టునే ఓనరు ఇంకో రాష్ట్రానికి తరలించుకుపోతున్నాడని తెలిసింది. పాత స్టేడియంలో చివరి ఆట ఎవరితో పడిందనుకున్నారు? బెంగాల్స్‌తోనే. జనం రంపాలు తెచ్చుకుని గుర్తుగా కుర్చీలు కోసుకుపోయారు. రూడీ కూడా ఒక కుర్చీ భుజాన వేసుకొచ్చాడు. ఆ ఆట మేమే గెలిచాం. ఆ సాయంత్రం ఆయన ఫోన్లో మొరుగుతూ ఏడ్చాడు, ఏడుస్తూ మొరిగాడు.

తర్వాత మూడేళ్లు జట్టు లేదు, ఆట లేదు, ఫోనూ లేదు. అప్పుడప్పుడు రూడీ రిసీవర్ ఎత్తి, లైను పనిచేస్తోందో లేదో చూసి పెట్టేసేవాడు. తొంభై తొమ్మిదిలో జట్టు తిరిగొచ్చింది. వచ్చీ రాగానే బెంగాల్స్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఫోన్ మోగింది. రూడీ ఎత్తి, గాండ్రింపంతా విని, పెట్టేసి, గోడకానుకుని తనివితీరా నవ్వాడు. ఓడిపోయి అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇక పోయిన శీతాకాలం సంగతి. అంతకు ముందు ఏడు బెర్నడెట్ పోయింది. లుడ్విక్ ఒక్కడే ఆ ఇంట్లో ఉంటున్నాడు, అటునుంచి కబురు చెప్పే దిక్కు లేదు. సెప్టెంబరులో రూడీకి గుండె ఆపరేషన్ అయితే నేనే ఫోన్ చేసి చెప్పాను. లుడ్విక్ ‘ఊఁ’ అని పెట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. తమ్ముడి ఛాతీ కోశారంటే ఊఁ ఏమిటి?

నవంబరులో ఆదివారం మధ్యాహ్నం ఆట. చూడొద్దని డాక్టరు చెప్పాడు, చూడొద్దని నేనూ చెప్పాను. రూడీ కింద గదిలో ఆ కోసుకొచ్చిన కుర్చీలో కూర్చుని మొత్తం చూశాడు. చిత్తుగా ఓడాం. ఒక్కో మెట్టూ ఎక్కి వంటింట్లోకొచ్చి ఫోన్ పక్కన నిలబడ్డాడు.

“రానీ,” అన్నాడు. “ముసలి పులి ఇవాళ గొంతు చించుకుంటుంది.”

ఫోన్ రాలేదు. క్లోబాసా సాసేజీ వేయించి ప్లేట్లో పెట్టాను. ఆయన ముట్టుకోలేదు. ఫోన్ రాలేదు. బయట చీకటి పడుతోంది.

“బాత్రూములో ఉన్నాడేమో,” అన్నాను.

“అంతసేపా?”

“నిద్రపోయాడేమో.”

“గెలిచాక నిద్రపోతాడా? మిల్కా, వాడికేదో అయింది.” ఆయన మొహం పాలిపోయింది. యాభై ఏళ్లుగా ఆ గాండ్రింపు వినలేక చచ్చానని తిట్టుకున్న మనిషి, ఇప్పుడది రాకపోతే ఊపిరాడక నిలబడ్డాడు. ఆ ఫోన్ మోగితే చాలు దేవుడా అని నేనూ అనుకున్నాను.

అప్పుడు రూడీ ఎన్నడూ చెయ్యని పని చేశాడు. తనే నంబరు నొక్కాడు. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

“అక్కడి పోలీసులకి చెబుదాం, వెళ్లి చూసొస్తారు,” అన్నాను.

“ఆ మాటేదో పోలీసు నోట వినలేను. నేనే వెళ్లి చూస్తాను.”

“కుట్లు ఆరని గుండెతో నువ్వా? కారు తాళాలు ఇటివ్వు.”

ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపినదాన్ని, ఆ రోడ్డు నాకొక లెక్కా? సగం దారిలో కొలంబస్ ఊరు దాటాక రూడీ నెమ్మదిగా అన్నాడు, “క్యాబేజీ కుండలో వెయ్యకుండా ఉండాల్సింది. కొత్త టోపీ.”

“వెధవ టోపీ గురించి ఇప్పుడా?” అన్నాను.

చేరేసరికి ఊళ్లో అందరూ భోజనాలు ముగించే వేళ. లుడ్విక్ ఇంట్లో దీపం వెలుగుతోంది. బెల్లు కొట్టాను. అలికిడి లేదు. తలుపు బాదాను. లోపల నిశ్శబ్దం.

రూడీ నన్ను పక్కకి జరిపాడు. తలుపుకున్న ఉత్తరాల కంత దగ్గరికి వంగి, ఛాతీ ఒక చేత్తో పట్టుకుని, మొరిగాడు.

“భౌ. భౌ. భౌ.”

పక్కింటి కుక్క జవాబిచ్చింది. అది ఆగాక లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ తర్వాత తలుపు వెనక నుంచి బొంగురు గాండ్రింపు ఒకటి వినిపించింది, మధ్యలోనే తెగిపోయింది. తలుపు తెరుచుకుంది. లుడ్విక్ పులిచారల స్వెట్టరులో నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి.

“ఓడినవాడివి. మొరిగే హక్కు నీకు లేదు,” అన్నాడు.

“ఫోన్ ఎందుకు చెయ్యలేదు?” అన్నాడు రూడీ.

“నీ గుండె కోసి కుట్టారట కదా. ఆ కుట్ల మీద గాండ్రించమంటావా? ఈ ఒక్కసారికి వదిలేద్దామనుకున్నా.”

“ఎవడు వదిలెయ్యమన్నాడు నిన్ను? నా చావు నేను చస్తా, నీ జాలి నాకక్కర్లేదు.”

“మరి మేం చేస్తే ఎత్తలేదేం?” అని అడిగాను.

లుడ్విక్ గుమ్మం పట్టుకున్నాడు. “ఓడినవాడు ఫోన్ చెయ్యడు మిల్కా. ఇన్నేళ్లలో ఒక్కసారీ చెయ్యలేదు. మీ నంబరు కనబడగానే వాడు కాదు, నువ్వనుకున్నా. ఓడిన రోజున నువ్వు ఫోన్ చేశావంటే ఏం చెప్పడానికి చేస్తావు? ఎత్తితే వినాలి కదా. ఎత్తకపోతే వాడింకా ఉన్నట్టే.” ముక్కు తుడుచుకున్నాడు. “తలుపు కొడితే కబురు తెచ్చినవాళ్లనుకున్నా.”

రూడీ ముందుకెళ్లి అన్న మెడ మీద చెయ్యి వేశాడు. అలా ఇద్దరూ గుమ్మంలో నిలబడిపోయారు, చలిగాలంతా ఇంట్లోకి పోతున్నా. నా గుండెల మీంచి బండ దిగిపోయింది. అది దిగాక నోరు లేచింది. ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టాను. మా అత్తగారు ఉంటే ఆ గరిటె ఇప్పుడు కూడా వాడేదని చెప్పాను.

లుడ్విక్ మాకు వేడివేడిగా చిల్లీ పెట్టాడు. వాళ్ల ఊరి పద్ధతి, సేమ్యాలాంటి స్పగెటీ మీద మాంసం కూర, దాని మీద గుట్టగా చీజు.

“ఇదేం తిండి, నూడిల్స్ మీద కూర పోసుకుని,” అన్నాడు రూడీ, రెండోసారి వడ్డించుకుంటూ. “సరేగానీ, గెలిచినవాడు చెయ్యాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.”

“మీ ఇంట్లో ఎవరున్నారు ఎత్తడానికి?”

“ఎవరూ లేకపోతే పద్ధతి పోతుందా? చెయ్యి.”

లుడ్విక్ ఫోన్ అందుకుని నంబరు నొక్కాడు. రూడీ లేచి వెళ్లి ఆయన పక్కనే నిలబడ్డాడు. నేను ప్లేట్లు కడగడానికి వెళ్లాను.

మర్నాడు సాయంత్రం క్లీవ్‌లాండ్ శివారు యూక్లిడ్‌లో మా ఇల్లు చేరాం. వంటింట్లో ఆ పెట్టె మీద ఎర్రదీపం మెరుస్తోంది. రూడీ కోటు కూడా విప్పకుండా బటన్ నొక్కాడు. ముందు గాండ్రింపు వచ్చింది, చివర్లో దగ్గు. ఆ వెనకే రూడీ గొంతు: “ఇంతేనా? పిల్లి నయం. మళ్లీ చెయ్యి, గట్టిగా చెయ్యి.” మళ్లీ గాండ్రింపు. తర్వాత ఇద్దరు ముసలాళ్లు ఒకే ఫోన్లోంచి నవ్వుతున్నారు, టేపు అయిపోయేదాకా.

రూడీ మళ్లీ బటన్ నొక్కాడు. కోటు విప్పుకోమని చెప్పి నేనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.